మంచం కింద బ్యాటరీ

నాగాయలంక,
జూలై 19.

ప్రియమైన ఫక్రూకి,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ? నవ్వుకో, కానీ జవాబు కూడా ఉత్తరంలోనే రాయి. ఇంటికి వద్దు, మా స్కూలు అడ్రసుకి రాయి. ఫోను చెయ్యకు. నా ఫోను పొద్దున హాజరు వెయ్యడానికి నాతో బడికొస్తుంది, ఇంటికి రాగానే జయపాల్ చేతిలోకి వెళ్ళిపోతుంది. మంచం మీది మనిషికి ఇంకేం కాలక్షేపం? ప్రతి మెసేజీ చదువుతాడు. చెరిపేస్తే "ఏం చెరిపావు?" అంటాడు. పోనీ బడిలోనే మాట్లాడదామంటే అక్కడా కుదరదు, ఎందుకో మరోసారి రాస్తాను. ఇది ఆయన చెవిన పడకూడని సంగతి.

ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని నీకు తెలుసు. ఇప్పుడు రోజులో ఎక్కువ భాగం ఆక్సిజన్ మిషన్ మీదే ఉంటున్నాడు. ముక్కుకి గొట్టం, మంచం పక్కన ఆ మిషన్ గురక. కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది. మా దివిసీమలో సముద్రం మీద మబ్బు కమ్మితే చాలు, కరెంటు తీసేస్తారు. అందుకని వేసవిలో ఒక లిథియం బ్యాటరీ కొన్నాను. ఆకుపచ్చ లేబుల్ పెట్టె, ఇన్వర్టరు కూడా అందులోనే. పెద్ద కంపెనీ సరుకు కొనే తాహతు లేదు. తెలిసినతను చవకలో ఇస్తానంటే తీసుకున్నాను. వైరు పొట్టిది, అందుకే మంచం కిందే పెట్టాం.

మొన్న సాయంత్రం కరెంటు లేనప్పుడు మంచం కింద తుడుస్తుంటే చెయ్యి దానికి తగిలింది. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఆ వేడి మామూలేనేమో. కాదేమో. ఎవర్ని అడగను? ఆయన్ని అడిగితే ఇక నిద్రపోడు. నువ్వూ మీ ఆయన పీరు అన్నయ్యా దుకాణంలో రోజూ ఇలాంటివే విప్పి బాగుచేస్తారు కదా. మంచిదో చెడ్డదో ఎలా తెలుసుకోవాలో రాయవా? ఇంటర్‌లో నీ ఫిజిక్స్ రికార్డు చూసి దించినదాన్ని నేను. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాలి.

నీ
బ్లెస్సీ


ఆటోనగర్, విజయవాడ,
జూలై 27.

బ్లెస్సీ,

నీ ఉత్తరం చూసి పీరు "ఎవరైనా పోయారా?" అని కంగారు పడ్డాడు. లోపల చదివాక ఆయన కంగారు నాకూ అంటుకుంది.

ముందు ఒక మాట. చవకదంతా చెత్త కాదు. మా వీధిలో ఇద్దరన్నదమ్ములు తక్కువ ధరలో నిఖార్సైన బ్యాటరీలు కడతారు. పైన రంగు చూస్తే వాంతొస్తుంది, లోపల పని చూస్తే ముచ్చటేస్తుంది. బెంజ్ సర్కిల్ షోరూముల్లో తళతళలాడే పెట్టెల్లో చెత్త ఉండటమూ చూశాం. బ్యాటరీని పైన చూసి అనుమానించొచ్చు గానీ, పైన చూసి నమ్మకూడదు.

అనుమానించడం ఎలాగో చెప్తాను. ఎత్తి చూడు. ఆ సైజు పెట్టె ఒంటిచేత్తో తేలిగ్గా లేచిందంటే లోపల సగం గాలే. మూత మరలతో బిగించారా, జిగురుతో అతికించారా? మరలుంటే, కట్టినవాడు మళ్ళీ విప్పి చూపించడానికి భయపడలేదని అర్థం. బయటికొచ్చే వైర్లు నీ చిటికెన వేలంత లావుండాలి. ఫోను చార్జర్ వైరులా సన్నగా ఉంటే ముందు కాలేవి అవే. కరెంటు పోయినప్పుడు మిషన్ ఎంతసేపు నడుస్తోందో గమనించు. అమ్మినతను చెప్పినదాంట్లో సగానికే చతికిలబడితే, కొత్తవని చెప్పి పాత సెల్స్ పెట్టారన్నమాట. గోరువెచ్చన మామూలే. చెయ్యి ఆన్చి ఉంచలేనంత వేడైతే మామూలు కాదు.

అసలు సంగతి లోపల ఉంటుంది. సెల్స్ వరసగా పేర్చి, వాటికి కాపలాగా ఒక చిన్న సర్క్యూట్ బోర్డు పెడతారు. ఏ సెల్ వేడెక్కినా, మితిమీరి నిండినా ఆ బోర్డే సరఫరా తెంచెయ్యాలి. ఆ కాపలావాడు మెలకువగా ఉన్నాడో లేదో బయటినుంచి తెలీదు. విప్పాల్సిందే. ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపు.

ఈలోగా మంచం కింద మాత్రం వద్దే. ఆక్సిజన్ పీల్చే మనిషి దుప్పటీ పరుపూ కూడా ఆ గాలి పట్టుకుని ఉంటాయి. మామూలు ఇంట్లో నిప్పురవ్వ పడితే చీర కొంగుకి చిల్లు పడుతుంది. అక్కడ చిల్లుతో ఆగదు. పొడుగు వైరు కొని వరండాలోకి మార్చు.

జయపాల్ అన్నయ్య కోసం దువా చేస్తున్నాను.

ఫక్రున్నీసా


నాగాయలంక,
ఆగస్టు 6.

ఫక్రూ,

పొడుగు వైరు వేయించి పెట్టెని వరండాలోకి మార్చాను. "ఎందుకిప్పుడు?" అన్నాడు ఆయన. "తుడవడానికి అడ్డొస్తోంది" అన్నాను. నా మొహంలోకి చూసి అటు తిరిగి పడుకున్నాడు.

నువ్వు చెప్పినవన్నీ చూశాను. బరువుగానే ఉంది. మరలున్నాయి గానీ వాటి మీద జిగురు కూడా పోసి ఉంది. వైర్లు నా చిటికెన వేలంత లేవు, అలాగని మరీ సన్నగానూ లేవు. మిషన్ ఎంతసేపు నడుస్తోందో సరిగ్గా చెప్పలేను, ఎక్కువగా నేను బడిలో ఉన్నప్పుడే కరెంటు పోతోంది.

దీన్ని పంపలేను. ఆ రోజే కరెంటు పోతే? దీని బదులు వేరేది తగిలించినా ఆయన మళ్ళీ ఎందుకని అడుగుతాడు. అందుకని అమ్మినతన్నే అడిగి, అచ్చం ఇలాంటిదే ఇంకో పెట్టె తీసుకున్నాను. అదే ఆకుపచ్చ లేబుల్. మా సైన్సు మాస్టారు వాళ్ళ బంధువు విజయవాడ వస్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. అమ్మినతను "నిక్షేపంగా విప్పించుకోండి, నాకేం భయం" అన్నాడు. ఆ మాటతో సగం ధైర్యం వచ్చింది.

బ్లెస్సీ


ఆటోనగర్,
ఆగస్టు 20.

బ్లెస్సీ,

నువ్వు పంపిన పెట్టె విప్పాం. నిజం చెప్పాలంటే తిట్టడానికి సిద్ధమై కూర్చున్నాను. తిట్టే పని పడలేదు.

సెల్స్ అన్నీ ఒకే ఈడువి, వాటి మీద అచ్చుకోడ్లు చెరిగిపోకుండా ఉన్నాయి. వెల్డింగు ఒక్కసారే పడింది, చుక్కలు మెరుస్తున్నాయి. కాపలా బోర్డు చవకదే కానీ పనిచేసేది. వేడి పసిగట్టే చిన్న పూసలాంటి సెన్సరు ఉంటుంది, దాన్ని సెల్‌కి ఆన్చి శ్రద్ధగా అతికించారు. చాలామంది దాన్ని గాలిలో వేలాడదీసి మూత వేసేస్తారు. నింపి, ఖాళీ చేసి చూశాం. సామర్థ్యం లేబుల్ మీద రాసినంత లేదు గానీ దగ్గర్లోకి వచ్చింది. కావాలని మీద దుప్పట్లు కప్పి వేడెక్కించాను, బుద్ధిగా ఆగిపోయింది. ఇంత హింసపెట్టాక అది ఇక వాడకానికి పనికిరాదు, ఇక్కడే ఉంచేస్తున్నాను.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు కదా. బాగుంది. భయపడకు. ఆ అమ్మినతనెవరో గానీ నా సలాం చెప్పు.

పీరు ఏదో గొణుగుతున్నాడు, ఆయనకెప్పుడూ గొణుగుడే. హాయిగా నిద్రపో.

ఫక్రున్నీసా


నాగాయలంక,
సెప్టెంబరు 14.

ప్రియమైన ఫక్రూ,

నీ ఉత్తరం పదిసార్లు చదువుకున్నాను. ఎన్నాళ్ళకో పడుకోగానే నిద్రపట్టింది. వరండాలో వాన జల్లు కొడుతోందని పెట్టెని మళ్ళీ మంచం కిందకే జరిపాను.

నీ పేరు ఇక్కడ మోగిపోతోంది. "విజయవాడలో ఇంజనీరు మేడం విప్పి చూసి బాగుందన్నారు" అని అమ్మేటతను అందరికీ చెబుతున్నాడట. మా హెడ్‌మాస్టరు గారు ఒకటి తీసుకున్నారు. మా ప్రార్థన మందిరంలో ఒకటి పెట్టారు. చేపలమ్మే ఆదెమ్మ ఫ్యాను కోసం ఒకటి తీసుకుంది. మన ఫక్రూ మాటకి ఇంత విలువుందా అని నాకు గర్వంగా ఉంది.

ఆయన ఒంట్లోనే బాగుండటం లేదు. కొన్ని రోజులు నేను బడినుంచి వచ్చేసరికి గోళ్ళు నీలంగా ఉంటున్నాయి, పెదాలు కూడా. మాట పీలగా వస్తోంది. కరెంటు పోయిన రోజుల్లోనే ఎక్కువగా అలా ఉంటోంది. మిషన్ పట్టుకెళ్ళి అవనిగడ్డలో చూపించాను. గాలి సరిగ్గానే ఇస్తోందన్నారు. బ్యాటరీ బాగుంది, మిషన్ బాగుంది, మరి మనిషెందుకిలా అవుతున్నాడో నాకర్థం కావటం లేదు. అడిగితే నవ్వుతాడు.

నీ
బ్లెస్సీ


ఆటోనగర్,
అక్టోబరు 12.

బ్లెస్సీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చుని చదువు. చదివి లేవగానే ఇంటికెళ్ళు.

మొన్న పామర్రు నుంచి ఒకాయన ఒక పెట్టె తెచ్చాడు. అదే ఆకుపచ్చ లేబుల్, అదే అక్షరాలు. విప్పాం. లోపల వేరే ప్రపంచం. సెల్స్ మీది నీలం తొడుగు చింపితే కింద ఇంకో పాత తొడుగు ఉంది. ఎక్కడో వాడి పారేసిన సెల్స్‌కి కొత్త చొక్కా తొడిగారు. కోడ్లు గీకేశారు. పాత వెల్డింగు అరగదీసి దాని మీదే మళ్ళీ వెల్డింగు కొట్టారు. పెట్టె మీద రాసిన రకం కాదవి, వేగంగా అంటుకునే రకం. వేడి పసిగట్టే పూస లేదు, దాని వైరు కత్తిరించి టేపు చుట్టారు. అంటే కాపలావాడి కళ్ళు పీకి నిలబెట్టారు.

అన్నం ఒక గిన్నెలో ఉడుకుతుంది కాబట్టి ఒక్క మెతుకు చాలు. ఈ పెట్టెలు ఒకే గిన్నెలో ఉడకలేదు బ్లెస్సీ. నేను ఒకదాన్ని చూసి అన్నీ బాగున్నాయన్నట్టు రాసేశాను.

నీ పెట్టె అడుగు చూడు. ఉబ్బిందా? నేల మీద పెడితే కదలాడుతోందా? వాసనేమైనా వస్తోందా? ఏ ఒక్కటున్నా బయట పెట్టెయ్, మళ్ళీ చార్జింగు పెట్టకు. అవనిగడ్డలో ఆక్సిజన్ సిలిండరు దొరుకుతుందేమో వెంటనే కనుక్కో. అమ్మినతనెవరో పేరు రాయి. దాచకు.

ఫక్రున్నీసా


నాగాయలంక,
అక్టోబరు 22.

ఫక్రూ,

ఉబ్బింది. నేల మీద పెడితే అటూ ఇటూ ఊగుతోంది. చెవి దగ్గర పెట్టి విన్నాను, చప్పుడేమీ లేదు. వాసన మాత్రం ఉంది, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు తియ్యగా ఉంది. ఇన్నాళ్ళూ అది ఆయన మందుల వాసన అనుకున్నాను.

బయట పెట్టడానికి లేదు. ఎడతెరిపి లేని వాన, వరండా అంతా నీళ్ళే. వైరు సాగినంత దూరం జరిపి గదిలోనే తలుపు పక్కన పెట్టాను. కరెంటు ఉన్నప్పుడు తప్పక కాసేపు నింపి ఊడబెరుకుతున్నాను, పోగానే మళ్ళీ మిషన్‌కి పెడుతున్నాను. సిలిండర్లు తుఫాను హెచ్చరిక వల్ల ఆసుపత్రికే సరిపోవటం లేదట, నాలుగు రోజులాగి రమ్మన్నారు. దాన్ని తీసేస్తే ఆయనకి గాలి లేదు. ఉంచితే ఏమవుతుందో నువ్వే రాశావు.

పేరు అడిగావు. అమ్మింది మా తమ్ముడు యేసుబాబు. నీకు ముందే చెప్పలేదు. బడిలో సగం మంది టీచర్లు వాడి దగ్గరే కొన్నారు, అందుకే అక్కడ మాట్లాడలేనన్నాను. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే, రొయ్యల చెరువుల్లో దెబ్బతిని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు. నిన్న పిలిచి నీ ఉత్తరం చదివి వినిపించాను. "అక్కా, నా పొట్ట మీద కొడతావా? మీ ఫ్రెండే కదా బాగుందంది? ఇప్పుడు మాట మారిస్తే నేనెట్టా తలెత్తుకోవాలి?" అని అరిచి వెళ్ళిపోయాడు. వాడింట్లో అమ్మకానికి తెచ్చిన పెట్టెలు గోడవారగా పేర్చి ఉంటాయి. వాటి మీద పరుపేసి పిల్లల్ని పడుకోబెడతారు.

ఇంకోటి. పామర్రు ఆయన ఆ పెట్టెని ఎందుకు తెచ్చాడో నువ్వు రాయలేదు. నీ అక్షరాలు నాకు తెలుసు, అవి ఊరికే అలా వంకర పోవు. ఏం దాచావు?

బ్లెస్సీ


విజయవాడ బస్టాండు,
అక్టోబరు 27.

బ్లెస్సీ,

పొద్దున్నే ఫోను చేశాను. తుఫానుకి బడి సెలవు కదా, ఇంట్లోనే ఉన్న నువ్వే ముందు ఎత్తుతావనుకున్నాను. అన్నయ్య ఎత్తాడు. "బాగున్నావా చెల్లెమ్మా?" అన్నాడు. ఆయన చెవిన పడకూడదన్నావు కదా, పెట్టేశాను. నాగాయలంక బస్సు డ్రైవరు బాలశౌరి గారికి ఈ కాగితం ఇస్తున్నాను, నీ చేతికే ఇస్తానన్నాడు.

దాచింది చెప్తాను. పామర్రు ఆయన తెచ్చింది కాలిపోయిన పెట్టె. లోపల ఒక పక్క మిగిలింది కాబట్టి చూడగలిగాం. వాళ్ళమ్మ ఆ గదిలోనే కునుకు తీస్తోంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉంది. నువ్వు బెదిరిపోతావని రాయలేదు. బెదరాలి. బెదురు.

ఆగస్టులో పీరు గొణిగింది కూడా ఇదే. "ఆమె మంచం కిందున్నది ఇది కాదుగా, దీన్ని చూసి దాని గురించి ఎలా రాస్తావు?" అన్నాడు. నేను వినలేదు.

పీరు ట్రాలీ ఆటోలో బయలుదేరుతున్నాడు. సిలిండర్లు సంపాదించి, ఇంకో బ్యాటరీ కూడా తెస్తాడు. బస్సు ముందు చేరుతుంది కాబట్టి ఇది రాస్తున్నాను. దీపం, అగ్గిపుల్ల, పొయ్యి ఏదీ వెలిగించకు. పెట్టె సన్నగా ఈల వేస్తే అందరూ బయటికి.

ఫక్రూ


అవనిగడ్డ,
నవంబరు 3.

ఫక్రూ,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నాడు. ఆ మాట ముందు రాస్తే గాని మిగతాది రాయలేను.

బాలశౌరి గారు వచ్చేసరికి గాలి మొదలైంది. "అమ్మా, ఇదే ఆఖరు బస్సు, ఇంక తిప్పరంట" అని కాగితం చేతిలో పెట్టి పరిగెత్తాడు. గడపలో నిలబడే చదివాను. చదువుతుండగానే కరెంటు పోయింది. బ్యాటరీ వైరు పెట్టక తప్పలేదు. మిషన్ మళ్ళీ గురక మొదలుపెట్టింది. నేను ఆ పెట్టెకీ ఆయన మంచానికీ మధ్యలో నిలబడ్డాను. నిలబడి ఏం చేస్తాను? అయినా నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటాక యేసుబాబు తడిసి ముద్దయి వచ్చాడు. "బావా, షెల్టరుకి పోదాం పదండి, బండి తెచ్చా" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ పెట్టె మీద పెట్టాను. చురుక్కుమన్నట్టు లాక్కున్నాడు. వాడి మొహం నీకెలా చెప్పను! చిన్నప్పుడు కాలవలో మునిగి తేలినప్పుడు అలా చూశాడు.

"అక్కా, నిన్న కూడా మా పిల్లలు వాటి మీదే పడుకున్నారు" అన్నాడు. "సరుకిచ్చేవాడు నాకు ముందిచ్చినవన్నీ మంచియ్యేనక్కా. ఒక్కటి కూడా వెనక్కి రాలా. మీ ఫ్రెండుకి పంపింది ఆ లాట్‌లో మిగిలిందే. వేసవిలో వచ్చిన లాట్ ఇంకా చవగ్గా ఇస్తానంటే..."

అప్పుడు వినపడింది. మూత వదులైన కుక్కర్లోంచి వచ్చినట్టు సన్నటి ఈల.

నువ్వు రాసింది గుర్తుంది, అందరూ బయటికి అని. కానీ మిషన్‌కి అతికించి ఉన్న మనిషిని ఎలా తీసుకెళ్ళను? పెట్టెని లాగేస్తే మిషన్ ఆగుతుంది. సిలిండరు ఎక్కడో దారిలో ఉంది. నేను ఆయనకేసి చూశాను. ఆయన అప్పటికే ముక్కులోంచి గొట్టం తీసేస్తున్నాడు.

"తీసుకుపోండి దాన్ని" అన్నాడు. "నేనాగుతాను. నాకలవాటే."

"అలవాటేంటి?" అన్నాను.

ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడు. "నువ్వు బడికెళ్ళాక కరెంటు పోతే నేనే మిషన్ ఆపేస్తన్నా. బ్యాటరీ పనిచేస్తే కింద కాగేది. పరుపులోంచి నా నడుముకి తెలిసేది. నువ్వొచ్చే టయానికి మళ్ళీ ఏసేవోణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ తమ్ముడిచ్చింది. నువ్వు భయపడతావని."

ఫక్రూ, ఆ నీలం గోళ్ళు అందుకు. ఆయన వినకూడదని నేను నీకు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. నేను బెదరకూడదని ఆయన ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాడు. ఒకే గదిలో ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

యేసుబాబు వైర్లు తెంపి, తడి గోనెసంచి వేసి, పెట్టెని చెక్కపలక మీదికి నెట్టి వాకిట్లోకి లాగాడు. గడప దాటేటప్పుడు వాడి అరచెయ్యి కాలింది. అయినా పట్టు వదల్లేదు. వాకిట్లో వానలో అది తెల్లగా పొగ చిమ్మి, ఒక్కసారి భగ్గుమంది. అంత వానలో మంట! ఆరినట్టే ఆరి మళ్ళీ లేచింది. వాడు దానికేసి చూస్తూ, "ఆదెమ్మత్త ఇంట్లో ఉంది... మందిరంలో ఉంది..." అని గొణుక్కుంటూ అలాగే నిలబడిపోయాడు. నేనే అరిచాను, "ముందు నీ పిల్లల దగ్గరికి పోరా!" అని. చెప్పులు కూడా లేకుండా బండి దగ్గరికి పరిగెత్తాడు.

ఆ తర్వాత మేమిద్దరమే. ఆయన్ని ముందుకి వంచి కూర్చోబెట్టి వీపు నా గుండెకి ఆన్చుకున్నాను. కీర్తన ఒక్కటీ నోటికి రాలేదు. "ప్రభువా" అన్న మాటే వచ్చింది. ఆయన వేళ్ళు నా మణికట్టు మీద బిగిసి, మెల్లగా వదులవుతున్నాయి. వదులైనప్పుడల్లా నేను గట్టిగా పట్టుకునేదాన్ని.

ఆటో చప్పుడు గాలిలో నాకు వినపడనే లేదు. పీరు అన్నయ్య తలుపు తోసుకుని, సిలిండరు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. పులిగడ్డ దగ్గర పోలీసులు ఆపారట. "లాఠీతో కొట్టండి సార్, కానీ వదలండి, మనిషి పోతాడు" అని కాళ్ళావేళ్ళా పడ్డాడట. గొట్టం పెట్టాక ఆయన పెదాలకి రంగు తిరిగి రావడం నేను కళ్ళతో చూశాను. పీరు అన్నయ్య గోడకి జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

గాలి తగ్గాక ఇక్కడికి తెచ్చాం. ఇన్నాళ్ళూ ఆక్సిజన్ చాలక గుండె అలిసిపోయిందంటున్నారు. ఇంటికి పంపుతారు, కానీ మునుపటి మనిషి కాడని చెప్పారు.

యేసుబాబు ఇంట్లో పెట్టెలన్నీ అదే వానలో పొలంలోకి మోసేశాడు. ఇప్పుడు కట్టు కట్టిన చేత్తోనే ఇల్లిల్లూ తిరిగి అమ్మినవి వెనక్కి తెస్తున్నాడు. ఆదెమ్మ తిట్టిన తిట్లు విని తలొంచుకుని వచ్చాడు. మా ఊళ్ళోవి దొరుకుతాయి. కానీ కొన్ని చల్లపల్లి సంతలో అమ్మాడు. ఎవరు కొన్నారో వాడికి తెలీదు.

బ్లెస్సీ


ఆటోనగర్,
నవంబరు 9.

బ్లెస్సీ,

పామర్రు ఆయన తల్లి చనిపోయింది. నిన్న వచ్చి చెప్పి, దుకాణం ముందు బల్ల మీద చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. ఆమె పెట్టె నా ఉత్తరానికి ముందే కొన్నది. ఆ లెక్క నాకు నేనే చెప్పుకుంటున్నాను. "విజయవాడ మేడం బాగుందన్నారు" అని విని కొన్నవాళ్ళు ఇంకా ఉన్నారు కదా. సంతలో కొన్నవాళ్ళు కూడా ఆ మాట వినే కొని ఉంటారు.

ఆ సరుకు ఇచ్చినవాడి కోసం పీరూ లక్ష్మీకాంత్ గారూ వెతికారు. లక్ష్మీకాంత్ గారు మా దుకాణదారుల సంఘం పెద్ద. వాడు షెడ్డుకి తాళం వేసి పోయాడు. పోలీసులకి కాగితం ఇచ్చాం, కాలిన పెట్టె కూడా అప్పగించాం.

ఈ ఉత్తరంతో ఒక పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. అందులో నా గొంతే ఉంది. "నా పేరు ఫక్రున్నీసా. ఆకుపచ్చ లేబుల్ బ్యాటరీ బాగుందని చెప్పింది నేనే. నేను చూసింది ఒక్కటే. మీ ఇంట్లోది నేను చూడలేదు. దాన్ని ఆపి, ఇంటికి దూరంగా పెట్టి, యేసుబాబుకి కబురు చెయ్యండి." ఇంతే. మైకు ఆటో మాట్లాడి చల్లపల్లి సంతలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ తిప్పమను. వేరేవాళ్ళ గొంతు వద్దు. నా మాట విని కొన్నారు, నా మాటే విని తియ్యాలి.

పీరు నీకిచ్చి వచ్చిన బ్యాటరీ మా వీధి అన్నదమ్ములు కట్టింది. రంగు చూసి జడుసుకోకు. నీకు పంపేముందు విప్పి చూశాను. దాన్నే విప్పాను, పక్కదాన్ని కాదు. అయినా మంచానికి దూరంగానే ఉంచు.

ఫక్రున్నీసా


నాగాయలంక,
నవంబరు 30.

ప్రియమైన ఫక్రూ,

ఆయన ఇంటికొచ్చాడు. కరెంటు పోతే "ఏం జరుగుతోంది?" అని అడుగుతాడు, నేను ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ ఉత్తరం ఆయన పక్కనే కూర్చుని రాస్తున్నాను. నీకు తన నమస్కారాలు రాయమన్నాడు.

నీ గొంతు ఊరూరా తిరుగుతోంది. మొదట నవ్వినవాళ్ళున్నారు. కానీ ఒకాయన సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు, ఇద్దరాడవాళ్ళు మోసుకుని తెచ్చారు. మోసుకు రావద్దు, కబురు చెయ్యండని మైకులో చెబుతున్నా తెస్తున్నారు. ఒక పెట్టె అడుగు పగిలే ఉంది. సంతలో అమ్మినవాటిలో ఇంకా కొన్ని రాలేదు.

ఇప్పుడే పొద్దు వాలింది. కరెంటు పోయింది. కాలవకి ఇవతలా అవతలా ఊరంతా నల్లగా ఉంది. ఇంతకు ముందైతే ఇలాంటప్పుడు ఎక్కడైనా ఒక దీపం కనపడితే, పోన్లే, వాళ్ళింట్లోనైనా వెలుగుందని సంతోషించేదాన్ని. కాలవ అవతల చెరువుల దగ్గర ఒక ఇంట్లో లైటు వెలుగుతోంది. తెల్లగా, నిలకడగా ఉంది. ఎవరిదో, ఏ పెట్టె మీద వెలుగుతోందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. కనుక్కుని రమ్మని యేసుబాబుని పంపాను.

వాడు ఇంకా రాలేదు. లైటు వెలుగుతూనే ఉంది.

నీ
బ్లెస్సీ